ధార తెగని చేయి

కార్ఖానా, సికింద్రాబాద్.

అన్నయ్యకు చెల్లెలు స్వర్ణలత నమస్కారాలు. నేనూ, అమ్మాయి అనుపమా బాగున్నాం. నీ మోకాలి నొప్పి, వదిన కోపం రెండూ తగ్గాయనుకుంటాను. ఫోన్‌లో నీకు సగమే వినపడుతుంది, ఆ సగానికే పోట్లాడతావు. అందుకే రాస్తున్నాను.

“ధార అంటే పెండ్లిల పోసేది గదా, మీ ఆయుర్వేద దవాఖాన్ల ఏం ధార?” అని పోయిన ఉత్తరంలో అడిగావు. మరిచిపోయావా? అమ్మ బర్రె పాలు పితికేటప్పుడు మొదటి ధార నీ నోట్లోకే కొట్టేది. వానకు చూరు నుంచి పడేదీ ధారే. నాన్న తన కంటిచూపంతా కంసాలి కుంపటికే ధారపోశాడని నువ్వే అంటావు. ఇక్కడ నేను పోసేది గోరువెచ్చని నూనె. పడుకున్నవాళ్ల నుదుటి మీద సన్నగా, ముప్పావుగంట తెగకుండా పడాలి. మొన్న ఒక రిటైర్డ్ కల్నల్ గారు గురక పెడుతూ తల తిప్పితే నూనె చెవిలోకి పోయింది. తిట్టబోయి, “బహుత్ అచ్ఛీ నీంద్ ఆయీ”, మంచి నిద్ర పట్టిందంటూ మళ్లీ పడుకున్నారు.

అనుపమ పెళ్లికి ఇరవై రోజులే ఉన్నాయి. కన్యాదానానికి మీరిద్దరూ కూర్చోవాలని, నువ్వు పిల్ల చేయి పడితే వదిన చెంబుతో నీళ్ల ధార పోయాలని అనుకున్నాం. పట్టుబట్టలు కూడా కొన్నామని రాశావు. ఇంతసేపూ చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ చెంబు నాకు కావాలి అన్నయ్యా. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. భర్త లేనిదాన్ని పీటల దగ్గరికి రాకూడదని పెద్దలంటే సరేనన్నాను. మనసులో మాత్రం ఏడ్చాను.

వదినకు ముందే చెప్పాను, కోప్పడకు. “ఇన్నేండ్ల సంది మంది నుదుర్ల మీద పోస్తున్నవ్, నీ బిడ్డకు నేనెందుకు పోస్త? మీ అన్నకు నువ్వే చెప్పుకో, నాతోని గాదు” అని నవ్వింది. పంతులుగారు కూడా, “మీ అన్న ఊ అంటే నాకేం తక్లీఫ్ లేదమ్మా” అన్నారు. ఇక నీ ఊ ఒక్కటే మిగిలింది.

నా పెళ్లిలో అమ్మ చేయి వణికి నీళ్లు పెళ్లికొడుకు ఒళ్లో పడ్డాయి, గుర్తుందా? నువ్వు వెనక నుంచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నావు. నా చేతికి అలవాటే కాబట్టి వణకదు. ఒకవేళ వణికితే, పక్కన నువ్వుంటావు కదా.

ఇట్లు,
చెంబు వదలని నీ చెల్లి,
స్వర్ణ