ఇన్‌స్పెక్టరు మెచ్చిన చదువు

మాస్టారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లోని మన తెలుగు బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బెంగాలీ ఆయన, తెలుగు ఒక్క అక్షరం రాదు. అయినా మన పిల్లల చదువు బాగుందో లేదో తేల్చాల్సింది ఆయనే.

జూట్ మిల్లు కూలీల లైన్లలో ఉండే గౌరిని లేపి చదవమన్నాడు. అది కొత్త పాఠం పేజీ తెరిచి, నిరుడు బట్టీపట్టిన కాకి కథ గడగడా అప్పజెప్పింది. "ఠిక్ పొడ్ఛే?" అన్నాడాయన నావైపు తిరిగి, సరిగ్గానే చదువుతోందా అని.

ఇదే గదిలో ఒకప్పుడు ఇన్‌స్పెక్టర్లు మిమ్మల్నీ ఇలాగే అడిగారు. నేనప్పుడు మీ ముందు బెంచీలో ఉన్నాను. "పిల్లలకి సదవడం రాదు సార్. నాలుగు తరగతులకి ఇద్దరమే ఉన్నాం" అన్నారు మీరు. బడి పనికిరాదని రాసి, ఆ రెండో టీచర్నీ తీసేశారు.

అందుకే ఇవాళ మీ కుర్చీ పక్కన నిలబడి, "ఠిక్ ఆఛే సార్" అన్నాను.

ఆయన సంతోషంగా టీ తాగి, రిపోర్టు చదివి వినిపించాడు. చదువు బాగుందట. ఒక్క టీచరుతోనే ఇంత చక్కగా నడుస్తున్నప్పుడు రెండో పోస్టు అక్కర్లేదట.

మీ నిజానికీ నా అబద్ధానికీ ఒకటే జవాబు, మాస్టారూ.

ఆయన వెళ్లాక గౌరి పుస్తకం పట్టుకుని వచ్చింది. "టీచరమ్మా, ఈ పేజీలో నిజంగా ఏటి రాసుందో సెప్పు."

అప్పటికే నాలుగో తరగతి గోల చేస్తోంది. రేపు చెబుతానన్నాను.

"నిన్న కూడా రేపనే అన్నావు" అంది.

మీ
సరోజిని