బంట్రోతుకి సెలవు

ప్రియమైన బాబాయిగారికి,

బంట్రోతు క్షేమంగా చేరాడు. రైలు దిగగానే నా ఎడమ పక్కకి వచ్చి నిలబడ్డాడు. కుక్కపిల్లగా ఏడాదిపాటు మా ఇంట్లో పెరిగి, శిక్షణకి వెళ్లి, పదేళ్లు మీకు దారి చూపించి తిరిగొచ్చినవాణ్ణి ఏమని పలకరించాలో తెలియలేదు. "వచ్చావా" అన్నాను. అమ్మ మాత్రం "మూతి నెరిసిపోయిందిరా నాయనా, పెద్దమనిషివైపోయావు" అని కళ్లు తుడుచుకుంది.

మీ మూడో అంతస్తు మెట్లు ఎక్కలేకపోతున్నాడని పంపారు గానీ, వాడికి ఇక చూపు కూడా కష్టమే. కళ్లకి పొర కమ్మింది. నిన్న బల్ల కోడుకి తల కొట్టుకున్నాడు. అడ్డం లేకుండా ఉంటుందని ఇవాళ కుర్చీలన్నీ గోడ వారకి జరిపాను. ఇప్పుడు వాటికీ గుద్దుకుంటున్నాడు. ఏం చెయ్యను?

లైబ్రరీలో అంధుల పుస్తకాలు సర్దుతూ నేర్చుకున్న బ్రెయిలీ ఇది. తప్పులుంటే మన్నించండి.

మీ
లైబ్రరీ అమ్మాయి


ప్రియమైన లైబ్రరీ తల్లికి,

నీ చుక్కలు ఎంత గట్టిగా గుచ్చావంటే కాగితానికి అక్కడక్కడ చిల్లులు పడ్డాయి. పర్వాలేదు, గొంతెత్తి మాట్లాడినట్టుంది. మనుషుల ముందు ఎలాగూ నువ్వు గొంతెత్తవు. నేను టైపు కొడుతున్నాను. తప్పులుంటే నాకు కనపడవు కాబట్టి లేనట్టే.

కుర్చీలు ఎక్కడివక్కడ పెట్టెయ్. చూపు లేనివాడికి అడ్డం కుర్చీ కాదమ్మా, జరిపిన కుర్చీ. ఈ విద్యలో నాకు పుట్టినప్పటినుంచీ అనుభవం, నా మాట విను. నీళ్ల గిన్నె చోటు మార్చకు. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలువు. వాడి పడక దగ్గర్నుంచి వీధి తలుపుదాకా మందపాటి రగ్గు పరిచెయ్. కాళ్లు జారవు. పాదం కింద మెత్తగా ఉన్నంతసేపూ దారి తప్పలేదని వాడికి తెలుస్తుంది.

మా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో "మీ బంట్రోతేడండీ, మానేశాడా?" అని అడుగుతున్నారు. పింఛను పుచ్చుకున్నాడని చెబుతున్నాను. ఇప్పుడు కర్రతో నడుస్తున్నాను. మంచి కర్రే, కానీ దానికి తోక లేదు. సాయంత్రం ఇంటికి రాగానే వాడి ఒంటిమీది పట్టీ విప్పి "ఇవాళ్టికి సెలవురా" అనేవాణ్ణి. వాడు కాళ్లు చాపి పడుకుని తోకతో నేలని టపటపా కొట్టేవాడు. వాడి మొహం నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన వాడి నవ్వు ఆ చప్పుడే.

నీ
బాబాయి


ప్రియమైన బాబాయిగారికి,

రగ్గు పనిచేసింది. వర్షాలు వెళ్లేదాకా ఇల్లంతా దొరలా తిరిగాడు. వీధిలోకి తీసుకెళితే ఏమీ కనపడకపోయినా కాలిబాట అంచున టక్కున ఆగేవాడు. నేను పడిపోతానని వాడి భయం.

చలి మొదలయ్యాక వెనక కాళ్లు పట్టు తప్పాయి. పొట్ట కింద తువ్వాలు వేసి లేవదీస్తున్నాను. అమ్మ "నన్నిలా చూస్తావా పెద్దదాన్నయ్యాక?" అంటుంది. వేళాకోళానికే అంటుంది గానీ అన్నం పక్కన పెట్టి వచ్చి రెండో కొస పట్టుకుంటుంది.

పశువుల డాక్టరుగారు చూశారు. మూత్రపిండాలు చెడిపోయాయట. "వాడు నోరు తెరిచి అడగలేడు. ఇక చాలని వాడి తరఫున ఎవరో ఒకరు చెప్పాలి" అన్నారు. వాడి తరఫు మనిషి మీరు. ఒక్కసారి రండి.

మీ
లైబ్రరీ అమ్మాయి


ప్రియమైన తల్లికి,

రాను.

ఒకసారి వాడికి ఒళ్లు కాలిపోతోంది. నేను మందుల షాపుకి ఒక్కణ్ణే వెళ్దామని చెప్పుల కోసం తడుముకున్నాను. ఆ చప్పుడికే లేచి వచ్చి నా ఎడమ పక్కన నిలబడ్డాడు, వణుకుతూ. నా అలికిడి వింటే ఇప్పుడూ లేవాలని చూస్తాడు. ఆ కాళ్లమీద వాణ్ణి నిలబెట్టలేను.

నువ్వే నిర్ణయించు. నన్ను పిరికివాడని తిట్టుకున్నా సరే.

బాబాయి


ప్రియమైన బాబాయిగారికి,

తిట్టుకోలేదు. కానీ వాడు రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు. ఆదివారం పొద్దున ఇంటికి వచ్చి సూది వేస్తానని డాక్టరుగారు అంటే సరేనన్నాను.

సాయంత్రమైతే తల ఎత్తి తలుపు వైపు పెట్టి ఉంచుతున్నాడు. "ఇవాళ్టికి సెలవురా" అని నేను చెప్పి చూశాను. నా గొంతుకి తల దించలేదు. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు.

మీ
లైబ్రరీ అమ్మాయి


ప్రియమైన తల్లికి,

నిన్న రైల్లో ఇల్లు చేరాను. నువ్వు పొట్లం కట్టిచ్చిన వాడి పట్టీ సంచిలోనే ఉంది, ఇంకా తియ్యలేదు.

ఆదివారం మీ ఇంటి గుమ్మంలోనే "కూర్చోరా, ఇవాళ్టికి సెలవు" అన్నాను. వాడు లేవడానికి చూడలేదు. చివరిదాకా వాడి మెడమీద నా చెయ్యి ఉంది. ఊపిరి తప్ప ఏమీ కదల్లేదు. తోక చప్పుడు కోసం చెవులప్పగించి కూర్చున్నాను. వినపడలేదు.

నన్ను గుర్తుపట్టలేదమ్మా. మంచిదే. లేవకూడదనే కదా నేను కోరుకున్నది. కానీ ఎవరో పరాయివాడి చెయ్యి కింద పోయాననుకున్నాడేమో అని రాత్రంతా అదే.

ఈ ముసలాడి గోల ఇక ఉండదులే. నువ్వు చేసిందానికి రుణపడి ఉంటాను.

బాబాయి


ప్రియమైన బాబాయిగారికి,

రగ్గు పరవమన్నది మీరే.

గేటుకి మీ కర్ర తగిలినప్పుడే వాడి తోక కొస లేచింది. మీరు వరండాలో చెప్పులు విడుస్తుంటే ఊగడం మొదలుపెట్టింది. పెద్దగా ఊపే శక్తి లేదు, కొస మాత్రమే, అటూ ఇటూ. మీరు సెలవన్నాక తల దించి గడ్డం నేలకి ఆనించాడు. తోక మాత్రం ఆపలేదు. మీ చెయ్యి మెడమీద ఉంది, తోక ఆ చివర ఉంది, దాని కింద మందపాటి రగ్గు ఉంది. మీకు వినపడే వీల్లేదు. అమ్మ చూసింది. డాక్టరుగారు చూసి సూది పట్టుకుని కాసేపు ఆగారు. సూది వేశాక కూడా ఊగింది, మెల్లగా. అన్నిటికంటే ఆఖర్న ఆగింది అదే.

మీకు తెలుస్తోందనే అనుకున్నాను. చెప్పాలని నోరు తెరిచాను కూడా. ఎప్పట్లాగే మాట రాలేదు.

అందుకే ఈ ఉత్తరంలో చుక్కలు గట్టిగా గుచ్చుతున్నాను. చిల్లులు పడితే పడనివ్వండి.

మీ
లైబ్రరీ అమ్మాయి