మీ అమ్మ ఓట్స్ కలిపింది

మౌనికా,

నువ్వు జ్వరంతో పోయి నేటికి ఏడాది. మేడ మీద నీ గదిని ఇంకా ఎవరికీ అద్దెకివ్వలేదు. అందులో ఉన్న నీ పుస్తకాలు తీసుకెళ్లడానికి ఇవాళ మీ అమ్మ ఊరినుంచి అశోక్‌నగర్ వచ్చింది. ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక, పొద్దున్నే నారాయణగూడ మార్కెట్లో ఆపిల్స్ కొనుక్కొచ్చాను. కోచింగ్ లేని ఆదివారాల్లో నువ్వు నా ఓవెన్‌లో చేసే ఓట్స్ బార్లు మొదలుపెట్టాను.

"ఇవి మా పిల్ల చేస్తుండెనా?" అంది మీ అమ్మ. "ఇంటికాడ పొయ్యి దిక్కే చూడకపోయేది."

"చేసేదమ్మా. ఎదురు హాస్టల్ పిల్లలకీ పంచేది."

ఆమె కొంగు దోపుకుని గిన్నె తన వైపు లాక్కుంది. "జర నాకు చూపియ్యి అక్కా."

ఓట్స్‌లో, పిండిలో, చక్కెరలో చల్లటి వెన్నను వేళ్లతో నలిపింది. నీ చేతిలో ఎప్పుడూ ముద్దయ్యేది. ఆమెకు పొడిపొడిగా వచ్చింది. సగం ట్రేలో అదిమి, ఉడికించిన ఆపిల్ ముక్కలు పరిచి, మిగతాది పైన చల్లాం. అవి కాలేంతవరకూ ఇద్దరం ఓవెన్ ముందే కూర్చున్నాం. ఇద్దరికీ ఏడుపు రాలేదు.

ఒకటి తిని, "మంచిగుంది" అంది. మిగిలినవి మీ నాన్న కోసం డబ్బాలో పెట్టించుకుంది.

వెళ్లేముందు గుమ్మంలో ఆగి, వెన్న ఎంత, ఓట్స్ ఎంత అని మళ్లీ అడిగింది. మీ ఇంట్లో ఓవెన్ లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా చెప్పాను. ఒక్కో కొలతనూ ఆమె నా వెనకే మెల్లగా పలికింది.

ఓనర్ ఆంటీ