నారాయణ అంకుల్ చిన్నపేగు స్లైడు

జూన్ 5, 2000, సోమవారం
మైక్రోస్కోపు కింద నారాయణ అంకుల్ చిన్నపేగు ముక్క. చుట్టమేం కాదు, ఇక్కడ పెద్దవాళ్లందరూ అంకుల్లే; ఈ ఊళ్లోనే చోవా చూ కాంగ్ పేట మనిషి, అరవై రెండేళ్లు. ఏదో క్లినిక్‌లో గోధుమ పడటం లేదని తేల్చి పరాటా మాన్పించారట. రెండు నెలలు అలాగే గడిచి, పేగుకు చిల్లు పడి ఆపరేషన్. కణాలన్నీ ఒకే సైజు, అచ్చు గుద్దినట్టు! లింఫోమా కేన్సరే... కానీ పుస్తకంలో ఉన్నటువంటిది కాదు. ఆనందంతో అన్నం కూడా సయించలేదు.

జూన్ 6
మా ల్యాబ్ నడిపే మేడమ్ ఒప్పుకోలేదు. "ఇది గోధుమ పడనివాళ్లకే వస్తుంది. తిండి సంగతి నువ్వే వెళ్లి అడుగు, మీ భాషేగా." ల్యాబ్ వదలని నేను... వార్డుకా!

జూన్ 7
వెళ్లాను. తాతల నాడు విశాఖ వైపు నుంచి ఈ దేశం వచ్చిన కుటుంబం. "మూడు పూటలా అన్నమే తల్లీ. ఆదివారం ఒక్క పరాటా, అదీ మానిపించేసినారు."
"తింటే కడుపులో ఏమన్నా అయ్యేదా?"
"ఏటీ లేదు. హాయిగా నిద్దరొచ్చీది."

జూన్ 9
కణాలకు వేసిన రంగుల పరీక్షల ఫలితాలు వచ్చాయి. నేను అనుకున్నదే!! పక్కనున్న పేగులో గోధుమ చేసిన చెరుపు ఆనవాలే లేదు. మేడమ్ అరగంట మైక్రోస్కోపు మీంచి కళ్లు తీయలేదు. "వేరే రకం. పాత స్లైడ్లన్నీ తియ్యి."
ఫ్లాట్‌మేట్ ప్రసన్న రోజూ తన సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లని ఊదరగొడుతుంది. ఇవాళ నా వంతు, పార్టీ ఇస్తానన్నాను.
"లింఫోమాకి పార్టీయా?" అంది.
ఇస్తాను మరి.

జూన్ 12
రిపోర్టు నేనే వార్డులో ఇచ్చాను. మొహం చాటంత. అంకుల్ మంచం మీంచి చెయ్యి ఊపారు, నేనూ ఊపాను.

జూన్ 13
వార్డు డాక్టర్ ఫోన్. అంకుల్ ఇంటికి కబురు పెట్టారట — "ల్యాబు పిల్ల నవ్వుకుంటా పోయింది, నాకేటీ లేదు." ఆంటీ గుళ్లో అర్చన చేయించి వార్డంతా ప్రసాదం పంచిందట. డాక్టర్ లింఫోమా అని చెప్పినా అంకుల్ నమ్మడం లేదు, కీమోకి సంతకం పెట్టనంటున్నారు. "ఆ పిల్లే చెప్పాల."
సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నిజం రాసుకోవాలి — ఆ స్లైడు తలుచుకుంటే ఇప్పటికీ గుండె గంతులేస్తోంది. ఛీ.

జూన్ 14
పదింటికి అంకుల్ దగ్గరికి వెళ్లాలి. మొండి రకం లింఫోమా, కీమో పనిచేసేది కొందరికే. ఆలస్యమైతే ఆ కొందరిలో కూడా ఉండరు. ఏం చెప్పాలో నాలుగుసార్లు రాసి కొట్టేశాను... ఏం రాసి ఏం లాభం? ఆయన మొదట చూసేది నా మొహమే.