గొట్టం కాదు

ప్రియమైన అమ్మకి,

బతికే ఉన్నాను. ముందు ఆ ముక్క రాయకపోతే మిగతాది చదవకుండానే ఏడుపు మొదలెడతావు. కుట్లు విప్పారు. కూర్చోగలుగుతున్నాను. నవ్వితే మాత్రం లాగుతోంది. నవ్వించేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఇబ్బంది లేదు.

నీ అల్లుడు ఫోనులో "కడుపు పోయింది" అని చెప్పి పెట్టేశాడట. అంత సులువుగా పోలేదమ్మా. గర్భసంచికి అటూ ఇటూ ఉండే ట్యూబుల్లో ఒకటి పగిలింది. ఎడమ వైపుది. తీసేశారు. బిడ్డ గర్భసంచి దాకా రాకుండా దారిలోనే ఆగిపోయి, అక్కడే పెరగబోయింది. అక్కడ చోటెక్కడిది?

అప్పుడు నేను పనిలో ఉన్నాను. రబ్బరు గొట్టాన్ని నీళ్ల తొట్టెలో ముంచి, గాలి ఎక్కించి, బుడగ వస్తుందేమోనని చూస్తున్నాను. పొత్తికడుపులో కత్తి దిగినట్టయింది. మేస్త్రీకి చెబితే, ఆడవాళ్లకి నెలనెలా ఉండే గోలే కదా, షిఫ్టు అయ్యాక పొమ్మన్నాడు. షిఫ్టు అవకముందే తొట్టె అంచు మీద పడ్డాను. మొన్న పళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. సంచీతో సహా వెనక్కి పంపాను.

మంచం మీద ఊరికే ఉండలేక, పాత పుస్తకాల కొట్టు నుంచి నర్సుల చదువు పుస్తకం తెప్పించుకున్నాను. ఈ ట్యూబుని ఇన్నేళ్లు ఒంట్లో మోశాను, ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. బెత్తెడు కంటే కాస్త పొడవు, అంతే. గర్భసంచి దగ్గర సూది దూరేంత సందు. అవతలి కొసన వేళ్లలాంటి అంచులుంటాయి. అండాశయానికి అతుక్కుని ఉండవట. గుడ్డు బయటికొచ్చే వేళకి దాని మీదికి వంగి అందుకుంటాయి. లోపలంతా కంటికి కనిపించని నూగు. గాలికి గడ్డి ఊగినట్టు ఊగుతూ గుడ్డుని గర్భసంచి వైపు నెడుతుంది. బిడ్డ మొదలయ్యేది కూడా ట్యూబులోనే.

మా ఫ్యాక్టరీలో ఈ కొసన పోసిన నీళ్లు ఆ కొసన వస్తే గొట్టం పాసు. ఇక్కడ అలా కాదు. దారి తెరిచే ఉన్నా, ఆ నూగు పాడైతే బిడ్డ మధ్యలో ఆగిపోవచ్చు. నాకు అదే జరిగి ఉండొచ్చంటున్నారు.

రెండోది కూడా కోసి కట్టేయమని డాక్టరమ్మని అడిగాను. ఇంకోసారి ఇది నా వల్ల కాదు. తొందరపడకు, ఒళ్లు కుదుటపడ్డాక అడుగు అంది. పైగా కోసి కట్టినా, అరుదుగా ఆ కొసలు వాటంతటవే కలిసి మళ్లీ దారి పడుతుందట. చూశావా, చివరికి దానికీ గ్యారంటీ లేదు.

నాన్న మంచాన పడ్డాడు, రాలేడు. తెలుసు. పడకముందు మాత్రం ఎప్పుడొచ్చాడు? అన్నయ్యలిద్దరి ఇళ్లకీ వెళ్లాడు. నా గడప తొక్కలేదు. ఇప్పుడు కూడా ఎలా ఉందో కనుక్కోమని నీతో ఒక్క మాట అనలేదు. ఆయనకి నేనేం చేశానమ్మా?

నీ మొండిది

---

ప్రియమైన మొండికి,

నీ ఉత్తరం చదివి లేచి పని చేసుకోలేకపోయాను. వేళకి తిను. బరువులు ఎత్తకు. నేను రావాలి, కానీ మీ నాన్నని పక్కకి తిప్పడానికి ఇక్కడ ఇంకో మనిషి లేడు.

ఒక సంగతి అడుగుతాను, విసుక్కోకు. కోసి కట్టినా కలిసిపోతుందని రాశావు. అది పుస్తకంలో ఉందా? లేక నీ మనసు మార్చడానికి డాక్టరమ్మ ఊరికే అందా? పుస్తకంలో ఉంటే మళ్లీ వివరంగా రాయి. పెద్ద అక్షరాలతో రాయి. బొమ్మ కూడా గియ్యి. పైపుల పని చేసేవాళ్లకి అర్థమయ్యేట్టు ఉండాలి.

తొందరగా పంపు తల్లీ.

అమ్మ

---

అమ్మకి,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు. నా బిడ్డ పోయింది. నాన్న సంగతి అడిగాను. నువ్వేమో బొమ్మ గియ్యమంటున్నావు. అక్కడ పైపుల పనివాడు ఆయనొక్కడే కదా. మంచంలో ఉన్న మనిషికి ఇప్పుడీ పాఠం దేనికి?

సరే, రాస్తున్నాను. పుస్తకంలో ఉంది. అచ్చులో ఉంది. డాక్టరమ్మ కల్పించింది కాదు.

ఇనప పైపు కోస్తే కోసినట్టే ఉంటుంది. దానికి ప్రాణం లేదు. ట్యూబు కండ. కండ మానుతుంది. నా పొట్ట మీద కోసినచోట అతుక్కుంటే డాక్టరమ్మ మెచ్చుకుంది. లోపల కోసిన కొసలు కూడా అలాగే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. మధ్యలో సన్నటి సందు పడుతుంది. ఎప్పుడో, ఎవరో ఒకరికి. ఆపరేషన్ చేసినవాళ్ల తప్పు లేకపోయినా, చేయించుకున్నవాళ్ల తప్పు లేకపోయినా జరుగుతుంది. అలా పుట్టి పెరిగిన పిల్లలున్నారు.

బొమ్మ వెనక వైపు గీశాను. ఎర్ర గీత కోసినచోటు. నీలం గీత మళ్లీ పడిన దారి.

ఇప్పుడు చెప్పు. ఇదంతా ఎందుకు?

మొండిది

---

ప్రియమైన నా చిన్నదానికి,

నీ పెద్దన్నయ్య, చిన్నన్నయ్య పుట్టాక ఇంక చాలనుకుని నాకు ఆపరేషన్ చేయించారు. మీ నాన్నే దగ్గరుండి తీసుకెళ్లాడు. చిన్నన్నయ్య బడికి వెళ్లడం మొదలెట్టిన ఏడాది నువ్వు కడుపులో పడ్డావు.

మీ నాన్న నన్ను కొట్టలేదు, గెంటలేదు. ఒక్కటే మాట అన్నాడు. "కోసి కట్టేసిన గొట్టంలోంచి నీళ్లెలా వస్తాయే?" అన్నాడు. ఊళ్లో సగం పైపులు ఆయన బిగించినవే. ఆయనకి తెలిసింది అదే. నేను ఒట్లు వేశాను. ఆపరేషన్ చేసినచోటికి వెళ్లి అడిగితే, అప్పుడప్పుడు అవుతుందమ్మా అని నవ్వి పంపేశారు. ఆ నవ్వు ఇంటికి తెచ్చి ఆయనకేం చూపించను?

జీతం తెచ్చి ఇచ్చాడు. నీ బడి జీతం కట్టాడు. నిన్ను మాత్రం ఎత్తుకోలేదు. నువ్వేం చేయలేదు తల్లీ. నువ్వు పుట్టావు, అంతే. అందరూ నీ మొండితనం చూసి మొండిది అంటారు. నేను అందుకు పెట్టలేదు ఆ పేరు.

నీ ఉత్తరం ఆయన పక్కన కూర్చుని చదివాను. మళ్లీ చదవమని కళ్లతో సైగ చేశాడు. చదివాను. బొమ్మ దగ్గరగా పట్టుకున్నాను. ఆ నీలం గీత వైపు చాలాసేపు చూశాడు. మాట సరిగ్గా రాదు కదా, కూడదీసుకుని అన్నాడు.

"గొట్టం అనుకున్నానే."

కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆయన చెయ్యి లేవదు. రోజూ మొహం తుడిచేది నేనే. ఆ నీళ్లు మాత్రం తుడవలేదు.

అమ్మ

---

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం చదివి ఉన్న గ్లాసులన్నీ పగలగొట్టాను. నీ అల్లుడు చీపురు తెచ్చి పక్కన నిలబడ్డాడు. తర్వాత చెప్పాను.

నీ మాట చాల్లేదు. ఇన్నేళ్లు వండిపెట్టిన మనిషి ఒట్టు చాల్లేదు. చిత్తు కాగితాల ధరకి కొన్న పుస్తకం చెబితే నమ్మాడు. గొట్టం అనుకున్నాడట. నిన్నేమనుకున్నాడో అడిగావా? అడగవు. నేను అడుగుతాను.

రెండోది కోయించుకోవడం లేదు. ధైర్యం వచ్చి కాదు. కోసి కట్టేసిన దారిలోంచి నేను వచ్చేశాను. నా దారికి ఎవరూ కత్తి పెట్టలేదు, అయినా నా బిడ్డ రాలేకపోయింది. దీనికి ఎవరిని తిట్టాలో తెలియడం లేదు. మేస్త్రీని తిట్టినా తీరలేదు.

శనివారం బస్సుకి బయల్దేరుతున్నాను. వచ్చాక ఆయన్ని పక్కకి తిప్పడానికి నేను సాయం పడతాను. నువ్వు ఒకవైపు పట్టుకో, నేను ఒకవైపు పట్టుకుంటాను. డాక్టరమ్మ ఇంకా బరువులు ఎత్తొద్దంది. ఆయన ఇప్పుడు పెద్ద బరువేం ఉండడులే.

ఆయన నన్ను ఎప్పుడూ ఎత్తుకోలేదని నాకు గుర్తుంటుంది. అయినా ఎత్తుతాను.

నీ మొండిది