రాణి ఛాతీ మీది తెల్లమచ్చ

శనివారం రాత్రి, నల్లగొండ

రేపు హైదరాబాద్‌లో కుక్కల పోటీ. అన్న రెండేళ్లు ప్రాణం పెట్టి పెంచిన నల్ల లాబ్రడార్, మా రాణి, మొదటిసారి జడ్జి ముందు నిలబడాలి. దాని ఛాతీ మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంది. అది కనిపిస్తే జాతి తక్కువంటారని మధ్యాహ్నం అన్న ఆ మచ్చకు తలకు వేసుకునే నల్లరంగు పూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"మనుషులల్ల కులం సూసుడు సాలదా అన్నా, కుక్కలల్ల గూడ జాతి సూస్తవా?" అని అరిచాను.

"నీ కరపత్రాల ముచ్చట బయట చెప్పుకో, పో," అన్నాడు తల ఎత్తకుండా. కులం వద్దని ఊళ్లో నేను పంచే కరపత్రాల మీద ఎత్తిపొడుపు అది.

పోటీ నియమాల పుస్తకం వారం నుంచి నా బల్ల మీదే ఉంది. ఇంగ్లీషులో ఉందని, చదివి చెప్పమని అన్నే ఇచ్చాడు. జాతి శుద్ధి పుస్తకాన్ని ముట్టనని పంతం పట్టాను. సాయంత్రం, అన్నను ఇంకో నాలుగు మాటలు అనడానికి ఏదైనా దొరుకుతుందని తెరిచాను. లాబ్రడార్ ఛాతీ మీద చిన్న తెల్లమచ్చ ఉంటే తప్పు లేదట. రంగు వేస్తే మాత్రం పోటీ నుంచి తీసేస్తారట.

అన్నకు చదివి వినిపించాను. రాణి మెడ నిమురుతూ అన్నాడు:

"ఊరందరికి సదివి చెప్తవు గదరా తమ్మీ. నాకు గీ ఒక్క పేజీ చెప్పకపోతివి."

ఇద్దరం కలిసి షాంపూతో మూడుసార్లు కడిగాం. రంగు వదల్లేదు. పొద్దున ఐదింటికి కిరాయి కారు వస్తుంది, అన్న పోదామనే అంటున్నాడు. జడ్జి ఆ వెంట్రుకలు విడదీసి చూస్తే... తప్పు కాని మచ్చను ఇప్పుడు ఎక్కడి నుంచి తెచ్చి చూపించాలి?