తలుపు తీసే పని బంగారిదే

నేను, ఈ వీధిలో అందరికీ పెద్దమ్మను, పిల్లల్ని చూసుకునే ఇల్లు నడుపుతున్నదాన్ని, మోకాళ్ళు తప్ప ఒళ్ళూ బుద్ధీ సక్రమంగా ఉన్న స్థితిలో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా వ్రాసిన వీలునామా ఇది. దీన్ని అమలు జరపవలసినది వీధి చివరి వకీలు గారు.

1. నా స్వార్జితమైన ఈ ఇంటి కింది వాటా, వాకిట్లోని వాలుదారి, పెరడుతో సహా, నా తదనంతరం నాతో కలిసి పనిచేస్తున్న నా మేనకోడలికి చెందవలెను. షరతు ఒక్కటే. అందులో పిల్లల్ని చూసుకునే పని తప్ప మరే వ్యాపారమూ పెట్టరాదు. నడవలేని, మాట రాని, కుదురుగా కూర్చోలేని పిల్లలకు మిగతా పిల్లలతో సమానంగా చోటివ్వవలెను.

2. మేడమీది గది నా తమ్ముడిది. కింద బట్టల కొట్టు పెట్టిద్దామని వాడు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. నడవలేని మూడేళ్ళ బంగారిని మా ఇంట్లో చేర్చుకున్న రోజున, "ఇట్లాంటి పిల్లని పెట్టుకుంటే మిగతావాళ్ళు మానేస్తారక్కా, తర్వాత నీ ఇష్టం!" అన్నాడు. ఇద్దరు మానేశారు, నిజమే. అందులో ఒకడు బంగారి కావాలని ఇంట్లో రాగం తీసి, వారం తిరక్కుండా వచ్చేశాడు. ఆ మాట మీద నాకింకా కోపమే. అయినా నా పడకకుర్చీ కూడా తమ్ముడికే ఇస్తున్నాను. నడుంనొప్పి మనిషి.

3. బంగారి తల్లి టైలరు. మిగతా చోట్లన్నీ తల్లి పక్కన కూర్చుంటేనే పిల్లను చేర్చుకుంటామన్నాయి. ఆమె అక్కడ కూర్చుంటే కుట్టేదెవరు, ఇల్లు గడిచేదెలా? అందుకే మా ఇంట్లో తల్లులకు బెంచీ లేదు. మొదటిరోజు ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. నేను తెర లాగేశాను. తిట్టుకుంటూ పనికి పోయింది. సాయంత్రం వచ్చేసరికి బంగారి బుగ్గలకు పెరుగు పూసుకుని హాయిగా నిద్రపోతోంది. ఆ తెర ఆమెకు చెందవలెను. దిండు గలేబులే కుట్టుకుంటుందో, దాచుకుంటుందో ఆమె ఇష్టం.

4. బంగారికి ఇప్పుడు పాతికేళ్ళు. పొద్దున గంట మోగగానే చక్రాల కుర్చీలో వెళ్ళి తలుపు తీసేది తనే. ఆ చప్పుడు వింటూ నేను చాలా సంతోషంగా బతికాను. ఆ పని, జీతంతో సహా, తను చేసినంతకాలం తనదే. మేనకోడలి మనసు మంచిదే కానీ, ఆయా రాని రోజున "చోటు లేదండీ" అనే మాట ఎవరికైనా నోటిదాకా వస్తుంది. అలాంటప్పుడు నా గాజులు అమ్మి ఇంకో ఆయాను పెట్టుకోవలెను. కొత్త బిడ్డను చేర్చుకునే నిర్ణయం మాత్రం బంగారిది. తలుపు తీయడం, బిడ్డ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావడం తనకు బాగా తెలుసు. వచ్చినవాళ్ళను వెనక్కి పంపడం ఇంతవరకు ఎవరూ నేర్పలేదు. ఇకముందు కూడా నేర్పరాదు.

తేదీ: జూన్ పన్నెండు, ఆదివారం, పిల్లలు రాని పూట.

వ్రాలు: పెద్దమ్మ

సాక్షులు:
వాలుదారి కట్టిన తాపీమేస్త్రి
పక్కవీధి డాక్టరమ్మ